తోక ఇంకా రాయిలోనే ఉంది

నమోదు 211

సుమేధా, ముందు నిన్నటి నీ మాట సరిచేస్తాను. భోజనాల దగ్గర నలుగురిలో కూర్చుని "మా అమ్మమ్మ రాయి మీద చేప బొమ్మ గీకుతోంది" అన్నావు. రాయి మీద కాదు, రాయిలో. బొమ్మ కాదు, చేప. ఇక గీకడమంటావా, అది మాడిన గిన్నెను చేసే పని. నేను చేసేది కోట్ల ఏళ్ల కిందటి చేప చుట్టూ గడ్డకట్టిన రాయిని రేణువు రేణువుగా తప్పించడం. నువ్వు ఈ ఊరికి తూకం అధికారివి. గోరంత బరువు తేడా వస్తే త్రాసును మూడుసార్లు కడిగిస్తావు, మాటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీకు అంతా ఒకటే.

ఈ నమోదులు నాకు సరదా అయి రాయడం లేదు. డెబ్బై దాటినవాళ్లు రోజూ నాలుగు మాటలు రాయాలని, ఇంట్లోవాళ్లు ఎవరైనా చదివి వేలిముద్ర పెట్టాలని ఆరోగ్య విభాగం నియమం. మా బుర్రలు చెడ్డాయో లేదో వాక్యాలను బట్టి పసిగడతారట. నా వాక్యాలకేం లోటు లేదు. అవి చదివే ఓపిక నీకుందో లేదో పసిగట్టే విభాగం మాత్రం ఇంకా రాలేదు.

ఈరోజు పని: నాలుగో వరుస పొలుసులు బయటపడ్డాయి. నల్లగా, నున్నగా, ఒకదాని అంచు మీద ఒకటి పెంకులు పరిచినట్టు ఉన్నాయి. పెంకుటిల్లు నువ్వు చూడలేదు. నేనేం చేయను, మీ తాతలు బొగ్గు బావుల్లోంచి ఎక్కి వచ్చి తిన్నగా కుజుడి నేల కింద ఇంకో బావి తవ్వారు, దానికి మూడో బాయి అని పేరు పెట్టారు, అందులోనే మీరంతా పుట్టారు. కుజదోషమని పెళ్లిళ్లు తప్పిపోయిన వంశం మాది. ఇప్పుడు కుజుడి కడుపులోనే కాపురం.

ప్రాణహిత ఒడ్డు సున్నపురాయి అంతా ఇంత మొండిది కాదు. భూమి నుంచి నేను వెంట తెచ్చుకున్న ఈ ముక్కలోకి మాత్రం చెకుముకి చారలు దిగాయి. చార దగ్గరికి రాగానే సూది జారుతుంది. గట్టిగా నొక్కితే పొలుసు లేస్తుంది, నొక్కకపోతే రాయి లేవదు. చదువుకునే రోజుల్లో ఈ పనికి గాలితో కొట్టుకునే ఉలి ఉండేది. పెన్నులా పట్టుకుంటే చాలు, టకటకా రాల్చేది. ఆ మాట గాలి సరఫరా చూసే లాజరుతో అన్నాను.

"పెద్దమ్మా, మనుషులు పీల్చనీకే గాలి కొలిచి ఇస్తున్న" అన్నాడు. "రాయి గూడ పీలుస్తదా?"

కాబట్టి సూదే. అదీ గాజుపెట్టెలో చేతులు దూర్చి, తొడుగులు వేసుకుని. దుమ్ము లేస్తే ఈ సందు మొత్తం దగ్గుతుందని లాజరు ఉత్తర్వు.

నమోదు 214

ఈవేళ నా మూలంగా సందంతా ముసుగులు తగిలించుకుని వీధిలో నిలబడింది. ఎవరో నీకు ఈపాటికే చెప్పి ఉంటారు, అసలు జరిగింది నా నోట విను.

సూదికి లొంగని చోట పులుపు పని చేస్తుంది. బయటపడిన పొలుసులకు జిగురు పూసి కాపాడుకుని, పలచటి వెనిగర్‌లో రాయి అంచు ముంచితే సున్నం కరుగుతుంది, పొలుసు కరగదు. వంటశాల నుంచి పచ్చళ్లకు పెట్టుకున్న వెనిగర్ ఒక గిన్నెడు అడిగి తెచ్చాను. రాయి సుయ్యిమని పొంగింది. చూడముచ్చటగా ఉంది. ఆ పొంగులోంచి వచ్చేది మనం ఊపిరిలో వదిలే గాలే, అంతకన్నా ఏమీ కాదు. కానీ గాలి చెడితే మోగే మన గంటకు ఆ తేడా తెలియదు కదా. చిన్న గది, మూసిన తలుపు. గదిలో యాభైమంది ఒకేసారి నిట్టూర్చారనుకుని మోగింది.

లాజరు వచ్చాడు. గిన్నె చూశాడు, రాయి చూశాడు, నన్ను చూశాడు.

"పెద్దమ్మా, నీకు డెబ్బై ఆరు. నాకు నలభై ఎనిమిది. నీ కన్నా ముందు నేనే పోయేటట్టున్న."

"పోకుండా కడగడానికి నీళ్లు ఇప్పించు. పులుపు తగిలిన రాయిని మూడింతల సేపు కడగాలి, లేకపోతే ఉప్పు పట్టి పొలుసులు పెళుసవుతాయి."

"నీళ్లా!" అని నోరు తెరిచాడు. ఇంకా చాలా అనబోయాడు. అంతలో అతని చూపు నా తల పైన గోడ మీద పడింది. మాట మధ్యలో ఆపేశాడు. నడుముకున్న గొట్టం తీశాడు, గోడలో వెంట్రుకంత పగులుకు లప్పం పట్టించాడు, నున్నగా దిద్దాడు, ఆరేలోపు బొటనవేలు ఒత్తాడు. గొట్టం మళ్లీ నడుముకు తగిలించుకుని, "నీళ్లా పెద్దమ్మా!" అని వదిలిన చోటే అందుకున్నాడు.

మీ బాయిలో పుట్టినవాళ్లందరిదీ ఇదే తంతు. పగులు కనబడితే చెయ్యి దానంతటదే నడుం దగ్గరికి పోతుంది. పగులంటే గాలి పోవడం, గాలి పోతే మనం పోవడం, నేను కాదనను. అక్షరాల కన్నా ముందు పిల్లలకు లప్పం పూయడం నేర్పుతారు. పూసినవాళ్ల వేలిముద్ర ఉన్నంతకాలం ఆ పగులుకు పూచీ వాళ్లదే, వాళ్లు ఒప్పుకోకుండా దాన్ని ఇంకెవరూ ముట్టరాదు. మంచి నియమమే. కాకపోతే తిట్లు మధ్యలో ఆపి పూయడం నేను ఇంకెక్కడా చూడలేదు.

నీళ్లు ఇచ్చాడులే. నా స్నానం నీళ్ల లెక్కలోంచి.

నమోదు 219

ఈ ఊళ్లో నా మంచితనమే నాకు చేటవుతోంది.

సూదితో రాల్చిన రజను ఊరికే పారేయడం ఎందుకని సీసాలో పోసి పొలాల పోశెట్టికి ఇస్తూ వచ్చాను కదా. బయటి మట్టిలో సున్నం ఉన్నా దాన్నిండా విషపు ఉప్పు, కడిగి కడిగి ప్రాణం పోతుంది. నా రజను భూమి మీది సున్నం, శుభ్రమైనది. మూడో అర తోటకూరకు వేశాడట. కాడలు బొటనవేలంత లావెక్కాయి. నువ్వు కూడా రెండుసార్లు వడ్డించుకున్నావు, నేను చూశాను.

ఈరోజు పోశెట్టి స్వయంగా వచ్చాడు. చేతిలో తోటకూర కట్ట. కట్టను చూసి సంతోషించాను. మనిషిని చూసి అనుమానించాను.

"మేడమ్, గా రాయి మొత్తం ఎంతుంటది?"

"నీకెందుకు?"

"ఎందుకంటే ఏం జెప్పాలె. మీరు సీసల చెంచెడు చెంచెడు ఇస్తుంటే మొక్కలకు ఆశ వుడుతున్నది. మా పిండిమరల ఏస్తే ఒక్క దినంల పొడైతది. ఆరు అరలకు సరిపోతది."

"అందులో చేప ఉంది పోశెట్టీ."

"చేప గూడ సున్నమే కద మేడమ్?"

రసాయనికంగా అతను అన్నదాంట్లో సగం నిజం.

సుమేధా, వచ్చే వారం తూకం. ఊరికే కూర్చునే బరువు ఊళ్లో ఉండకూడదని ప్రతి ఇంటి సామానూ త్రాసు ఎక్కిస్తారు. పని పూర్తయినది వస్తువు, అది ఇంటిదే. పూర్తి కానిది ముడిసరుకు, అక్కర ఉన్నవాళ్లు అడిగి తీసుకోవచ్చు. ఇన్నేళ్లూ నా రాయిని ముడిసరుకనే నువ్వు చదివేదానివి, అడిగేవాడు లేక నేను మళ్లీ ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఈసారి అడిగేవాడు ఉన్నాడు. వాడికి మర కూడా ఉంది.

"మనవరాలే కదా అని ఆమె నా రాయిని వస్తువని చదువుతుందనుకోకు" అన్నాను పోశెట్టితో, నీ తరఫున గర్వంగా. తర్వాత ఆలోచిస్తే ఆ గర్వం ఎందుకో నాకే అర్థం కాలేదు.

నమోదు 223

కన్ను వచ్చింది.

కంటి చుట్టూ ఉండే ఎముకల వలయం చెక్కుచెదరకుండా ఉంది. పై దవడ, పళ్లు కూడా. పళ్లు బుడిపెల్లా ఉన్నాయి, గుల్లలు కొరికి తినే రకం. తలంతా తేలింది, వీపు తేలింది, పొట్ట తేలింది. మిగిలింది తోక. దాని మీద రెండు వేళ్ల మందాన రాయి, అందులోనే చెకుముకి చార. నా సూదులు మొద్దుబారిపోయాయి. కొత్తవి ఇమ్మని సామాన్ల కొట్టులో అడిగితే "కుట్టుపనికా?" అని అడిగారు.

పోశెట్టిని పిలిచి తల చూపించాను. ఇంతవరకు తేలింది కదా, దీన్ని వస్తువని ఒప్పుకో, మర మానుకో అని.

చాలాసేపు వంగి చూశాడు. "మంచిగుంది" అన్నాడు. "కని మేడమ్, తోక లేదు కద. సగం గోడ కట్టి ఇల్లంటే ఒప్పుకుంటరా?"

దెబ్బలాడాను. లాభం లేదు. వాడి మాటలో న్యాయం ఉండటమే నా ఒంటికి పడలేదు.

సాయంత్రం షిఫ్టు గంట ముందు అదృష్టం కలిసొచ్చింది. చారను పక్క నుంచి తడుముతూ పోతుంటే సూది ఎక్కడో లోపలికి దిగింది. తడి గుడ్డతో తుడిస్తే వెంట్రుకంత గీత. వీపు చివర మొదలై తోక మీదుగా అటు అంచు దాకా పోయింది. ఇలాంటి గీత కోసం ఈ పని చేసేవాళ్లు ఏళ్ల తరబడి చూస్తారు. పొలుసుల నునుపు మీద రాయి అంటుకోదు. ఈ గీతలో సన్నటి చీలిక పెట్టి ఒక్కటి తడితే తోక మీది రాయి మొత్తం మూతలా లేచి వస్తుంది. తట్టబోయాను. చెయ్యి వణికింది. వణికే చేత్తో తట్టే పని కాదిది. పొద్దున్నే, కాఫీ తాగాక.

గాజుపెట్టె మూత తీసి ఉంచాను, గీతలో తడి ఆరుతుందని.

నమోదు 224

గీత లేదు.

గీత ఉన్నచోట లప్పం ఉంది. నున్నగా దిద్దారు. ఎంత బాగా దిద్దారంటే పరీక్ష పెడితే పూర్తి మార్కులు వేస్తాను. రాత్రికి రాత్రే ఆరింది. ఈ లప్పం ఆరితే సున్నపురాయి కన్నా గట్టి, చెకుముకి కన్నా ఒక వీసమే తక్కువ. సూది పెడితే సూది వంగింది.

మధ్యలో వేలిముద్ర ఉంది. ముద్రలో అడ్డంగా ఒక గాటు.

ఆ గాటు నాకు తెలుసు. నీకు ఆరేళ్లప్పుడు పాలపొడి డబ్బా మూత కోసుకుంది. కట్టు కట్టింది నేను.

ఇంతకు మించి ఈరోజు ఏమీ రాయను. ఆరోగ్య విభాగం వారికి: బుర్ర బాగానే ఉంది. అదే బాధ.

నమోదు 225

నిన్న నువ్వు వచ్చి వెళ్లిన సంగతి రాస్తున్నాను. మన మాటలు నీకు తెలుసు, అయినా రాస్తాను. చదివి వేలిముద్ర పెట్టాలి కదా, అదే వేలితో పెట్టు.

"నేనా?" అన్నావు. "అమ్మమ్మా, నాకు యాదికే లేదు. గిన్నె ఇచ్చిపోదామని వచ్చిన, నువ్వు వరుసల నిలబడ్డవ్ నీళ్లకు."

"గిన్నె పెట్టి?"

"పెట్టి... మూత తీసున్నది, చూసిన." అప్పుడు నీ ముఖం మారింది. "పగులుండె."

"ఉండె."

"పూశిన."

"పూశావు."

"అమ్మమ్మా, అది గోడ కాదని నాకు తెలుసు. చెయ్యి..."

"నీ చేతికి తెలియదు."

నువ్వు ఏడుస్తావనుకున్నాను. నవ్వావు. నవ్వు ఆపుకోలేక ముఖం మోకాళ్ల మధ్య దాచుకున్నావు. నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత కాసేపటికి నాకూ నవ్వొచ్చింది కానీ నువ్వు వెళ్లేదాకా బిగబట్టాను. కావాలని చేసి ఉంటే తిట్టేదాన్ని. బతకడం కోసం నేర్పిన చేతిని ఏమని తిట్టను?

నవ్వయ్యాక నువ్వు అడిగింది మాత్రం నాకు నచ్చలేదు. "తూకం రోజు నేను ముడిసరుకనే చదవాలె అమ్మమ్మా. చదవనా, సెలవు పెట్టనా?"

చదువు. సెలవు పెడితే నీ కింది కుర్రవాడు చదువుతాడు, వాడికి ముడిసరుకు అనే మాట సరిగ్గా పలకడం కూడా రాదు.

నమోదు 228

తూకం అయింది.

పోశెట్టి బండి తెచ్చుకున్నాడు, బండిలో గోనెపట్టా పరిచాడు. మర నడిస్తే దుమ్ము లేస్తుందని లాజరు కూడా వచ్చి నిలబడ్డాడు. రాయిని నలుగురు ఎత్తి త్రాసు మీద పెట్టారు. నువ్వు బరువు చదివావు. "పని పూర్తి కాలేదు. ముడిసరుకు" అన్నావు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నీ చదువు చెడేదని నాకు తెలుసు, అయినా చూడలేదని కోపం వచ్చింది.

"అడుగుతున్న" అన్నాడు పోశెట్టి.

"ఆగు" అన్నాడు లాజరు.

అతను రాయి మీదికి వంగాడు. దుమ్ము వెతుకుతున్నాడనుకున్నాను, అతని అలవాటు అది. వేలితో లప్పం మీద రాశాడు.

"దీనికి ముద్రుంది."

"ఉంటే?" అన్నాడు పోశెట్టి.

"ముద్ర వడ్డది పిండిమరల వెయ్యరాదు. పగులు పూశినోళ్లు ఒప్పుకునేదాక ముట్టరాదు."

"అరే లాజరన్నా, గది గోడలకు. గిది రాయి."

"గోడ దేంతోని జేస్తరు? రాయితోని గాదా? నియమంల గోడ అని లేదు. పగులు అనున్నది. గిది పగులు, గిది లప్పం, గిది ముద్ర."

"గట్లైతే రేపు నా తోటకూరకు లప్పం పూస్త, నువ్వు తింటవా?"

"పుయ్యి. ముద్ర వెట్టు. నేను ముట్ట."

అందరూ నవ్వారు. లాజరు నవ్వలేదు. గాలి పీల్చే రాయి అని నన్ను ఎద్దేవా చేసినవాడే, గంట మోగిందని నా స్నానం నీళ్లు కోసేసినవాడే. నా కోసం చేశాడనుకునేవు, అలాంటిదేం లేదు. నియమం కోసం చేశాడు. నాకు ఆర్నెల్లుగా ప్రాణం తీసిన ఆ మొండితనం ఒక్కరోజు పోశెట్టి వైపు తిరిగింది, అంతే.

"ముద్ర ఎవ్వలది?" అని అడిగాడు.

నువ్వు త్రాసు వెనక నుంచి బొటనవేలు ఎత్తి చూపించావు. బడిపిల్ల లేచి నిలబడ్డట్టు. పోశెట్టి ఖాళీ గోనెపట్టా మడిచి బండిలో వేసుకున్నాడు.

నమోదు 229

నువ్వన్న మాట రాత్రి నుంచీ నా బుర్రలో తిరుగుతోంది. "అట్లనే ఉండనీయ్ అమ్మమ్మా. గోడ లెక్కన ఉంటది. ఎవ్వలు ముట్టరు."

నిజమే, ఎవరూ ముట్టరు. నేను కూడా ముట్టరాదు. ముద్ర నీది. కన్ను తెరుచుకుని తోక గోడలో ఇరుక్కుని ఆ చేప ఊరు ఉన్నన్నాళ్లు భద్రంగా ఉంటుంది. ఇలా భద్రంగా ఉంచడానికైతే ప్రాణహిత ఒడ్డునే వదిలేసి ఉండేదాన్ని, అక్కడ ఇంతకన్నా భద్రంగా ఉండేది. పైకి వచ్చేటప్పుడు మనిషికింత బరువని ఇస్తే, ఒకరు వీణ తెచ్చుకున్నారు, ఒకరు ఆవకాయ జాడీ. నేను దీన్ని తెచ్చుకున్నాను. గోడ తెచ్చుకోలేదు.

నాకు తోక చూడాలని ఉంది సుమేధా. చీలిన తోకో, విసనకర్ర లాంటి తోకో, నాకు తెలియదు. పుస్తకాల్లో ఉంది కదా అంటావు. పుస్తకాల్లో ఉన్నది ఇంకో చేప తోక.

కాబట్టి నువ్వు ముద్ర వదులుకోవాలి. వదిలిన క్షణం నుంచి ఇది మళ్లీ ముడిసరుకు, పోశెట్టి ఎప్పుడైనా అడగొచ్చు. అందుకని పొద్దున్నే అతని దగ్గరికే వెళ్లాను. తోక మీది రాయి మందమైనది, రాలిందంతా నీకే ఇస్తాను, వచ్చే తూకం దాకా అడగకు అన్నాను.

కలుపు తీస్తున్నవాడు ఆపాడు. "తోక దేనికి మేడమ్ చేపకు?"

"ఈదడానికి."

"ఈదుడంటే?"

సుమేధా, మోకాలి లోతు నీళ్లు ఎన్నడూ చూడని మనిషికి ఈదడమంటే ఏమని చెప్పను? బకెట్టు కన్నా ఎక్కువ నీళ్లు వాడు ఊహించలేడు. చెయ్యి చాపి, మణికట్టు అటూ ఇటూ ఆడించి చూపించాను. తల ముందుకు పోతుంది, తోక ఇలా కొడుతుంది, నీళ్లు దారి ఇస్తాయి అన్నాను. వాడు మట్టి చెయ్యి పైకెత్తి అలాగే ఆడించాడు. ఒకసారి కాదు, తోటకూర అర పొడుగునా నడుస్తూ ఆడించాడు.

"గీ తోకతోనేనా?"

"ఈ తోకతోనే."

"అయితే తియ్యిండ్రి" అన్నాడు. మళ్లీ కలుపు మీదికి వంగుతూ, "వచ్చే తూకానికి కనవడకపోతే మాత్రం అడుగుత" అన్నాడు. అడగనీ. అడగకపోతే పోశెట్టి ఎందుకవుతాడు.

ఇక నీ పని. లాజరు కొట్టుకు వెళ్లి లప్పం మెత్తబడే మందు చిన్న సీసా అడుగు. ముద్ర ఎవరిదో వాళ్లు స్వయంగా వస్తేనే ఇస్తాడట, నన్ను రెండుసార్లు తిప్పి పంపాడు. మూత బిగించి తీసుకురా, వాసన వస్తే గంట మోగుతుంది. వంటశాలలో పాత పళ్ల బ్రష్ ఒకటి, మెత్తటి గుడ్డ ఒకటి పట్టుకో. రేపు మొదటి షిఫ్టు దిగగానే రా, అప్పటికి కాఫీ తాగి ఉంటాను, చెయ్యి వణకదు. రెండో చెయ్యి నీదే కావాలి.

దారిలో గోడలకు ఎన్ని పగుళ్లున్నా పూసుకో, అది నీ ఇష్టం. నా గుమ్మం దగ్గరికి వచ్చాక మాత్రం ఆ లప్పం గొట్టం నడుం నుంచి తీసి, బయట మేకుకు తగిలించి లోపలికి రా.